హెచ్చు తగ్గులు

తెలుగువాడి పేరు తెలుగులో ఉన్నంతసేపూ క్షేమంగానే ఉంటుంది. పలికినట్టు రాస్తాం, రాసినట్టు పలుకుతాం, గొడవ లేదు. ఇంగ్లీషులోకి ఎక్కించగానే దానికి గ్రహాలు తిరగబడతాయి. 'లక్ష్మి'లోని క్ష కోసం ఒకరు కె, ఎస్, హెచ్ అని మూడక్షరాలు ఖర్చు పెడతారు. ఇంకొకరు ఒక్క ఎక్స్‌తో సరిపెట్టేస్తారు. 'శ్రీ'కి చివర ఐ చాలంటారొకరు, రెండు ఇ-లు ఉండాలంటారొకరు, మధ్యలో హెచ్ లేకపోతే అది శ్రీయే కాదంటారు మరొకరు. పేరు పెట్టింది కన్నతండ్రే. దానికి స్పెల్లింగు పెట్టేది మాత్రం స్కూల్లో హెడ్మాస్టరు, బ్యాంకులో క్లర్కు, ఆధార్ సెంటర్లో కుర్రాడు, పాస్‌పోర్టు ఏజెంటు. మగవాడికి ఈ జాబితా ఇక్కడితో ముగుస్తుంది. ఆడపిల్లకి పెళ్ళి కాగానే రెండో విడత మొదలవుతుంది.

అన్నిటిలోకీ పెద్ద పేచీ 'త'తో. మన వైపు టి అంటే ట. త కావాలంటే టి పక్కన హెచ్‌ను తోడు నిలబెట్టాలి. అందుకే లతకీ, గీతకీ, స్వాతికీ, సావిత్రికీ పుట్టుకతోనే ఒక హెచ్ రాసిచ్చేస్తాం. ఉత్తరాది లెక్క వేరు. అక్కడ ట-కీ టియే, త-కీ టియే. పక్కన హెచ్ కనబడితే అది థ. మనం ముచ్చటగా రాసుకున్న లతని ఢిల్లీలో ఒత్తిపెట్టి 'లథా' అని పిలుస్తారు. వాళ్ళు రాసుకున్న గీతని మనవాళ్ళు 'గీటా' అని చదువుతారు. ఎవరి లెక్క వాళ్ళకి ఒప్పే. ఈ రెండు లెక్కలూ వింధ్యకి అటొకటీ ఇటొకటీ బతికినన్నాళ్ళూ ఎవరికీ నష్టం లేదు. ఒకే ఇంట్లో కాపురం పెడితేనే చిక్కు. మా ఇంట్లో పెట్టాయి.

మా అన్నయ్య కూతురిది రాజమండ్రి. అసలు పేరు రాస్తే ఊరుకోదు కాబట్టి సావిత్రి అనుకుందాం. పదో తరగతి సర్టిఫికెట్లో ఎస్, ఏ, వి, ఐ, టి, హెచ్, ఆర్, ఐ అని హెచ్‌తో సహా నిక్షేపంలా ఉంది. గురుగ్రామ్‌లో ఉద్యోగం వచ్చి నేనుండే ఢిల్లీ వైపు వచ్చింది. పెళ్ళికొడుకూ తెలుగువాడే. కానీ ఢిల్లీలోని ఆర్కే పురం తెలుగువాడు. తాతగారు సెంట్రల్ గవర్నమెంటు కొలువుకని వచ్చి ఇక్కడే స్థిరపడిపోయారు. మనవడు తెలుగు మాట్లాడతాడు, ఆవకాయ తింటాడు, సంక్రాంతికి గోల్ మార్కెట్ దగ్గర వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తాడు. త-కి హెచ్ మాత్రం వెయ్యడు. సంబంధం కుదిరిన కొత్తల్లో అతను పంపిన మెసేజీలో తన పేరు చూసుకుని పిల్ల చిన్నబుచ్చుకుంది. "నన్ను సావిట్రి అన్నాడు బాబాయ్" అంది. "నేను కరెక్టుగానే రాశానండీ, మీవాళ్ళే ఒకటి ఎక్‌స్ట్రా వేస్తున్నారు" అన్నాడతను. గణాలు కలిశాయి, నాడులు కలిశాయి అని సిద్ధాంతిగారు రాసిచ్చారు. స్పెల్లింగులు కలిశాయా అని ఎవరూ అడగలేదు.

ఇక నా పాత్ర. ఢిల్లీలో ఉండే తెలుగువాడికి జీతమొచ్చే ఉద్యోగం ఒకటి, జీతం లేని ఉద్యోగం ఒకటి ఉంటాయి. ఆంధ్రా భవన్‌లో గది దొరుకుతుందేమో కనుక్కోవడం, ఎయిమ్స్‌లో పెద్ద డాక్టరు ఏ వారం చూస్తాడో తెలుసుకోవడం, ఫలానా మంత్రిత్వ శాఖలో ఫలానా ఫైలు ఏ బల్ల మీద నిద్రపోతోందో చూసి రావడం రెండో ఉద్యోగం కిందికి వస్తాయి. "మీరెలాగూ ఢిల్లీలోనే ఉన్నారు కదా" అన్న మాటే దానికి అపాయింట్‌మెంటు ఆర్డరు. అన్నయ్య ఆ ఆర్డరు ఫోన్లోనే ఇచ్చేశాడు.

మొదటి పని పెళ్ళి రిజిస్ట్రేషను. ఎన్సీఆర్‌లో ఒకానొక ఆఫీసు. ఏ జిల్లాదో చెప్పను. కిటికీ వెనక ఒక పెద్దాయన, ముక్కు చివర కళ్ళజోడు, పక్కన గాజు గ్లాసులో సగం తాగిన చాయ్. దరఖాస్తుతో పాటు శుభలేఖ పెట్టమన్నారు, పెట్టాం. మా శుభలేఖ ఒక వైపు తెలుగు, ఒక వైపు ఇంగ్లీషు. సంప్రదాయం ఏ భాషలోనూ చెడకూడదని మా అన్నయ్య ఇంగ్లీషు వైపు కూడా వరుడి పేరుకి ముందు 'చి.' అనీ, వధువు పేరుకి ముందు 'చి.ల.సౌ.' అనీ ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చేయించాడు. పెద్దాయన వేలు పెట్టి చదువుకుంటూ వచ్చి అక్కడ ఆగాడు.

"లడ్కీ కా పూరా నామ్ చిలాసౌ సావిథ్రీ?"

కాదండీ, ముందున్నది పేరు కాదు, ఆశీర్వాదం అన్నాను.

"ఆశీర్వాదం దరఖాస్తులో ఏ గడిలో రాయాలి?" అన్నాడాయన. మాటలో వెటకారం లేదు. నిజంగానే గడి కోసం వెతుకుతున్నాడు.

చిరంజీవి, లక్ష్మి, సౌభాగ్యవతి అని ఒక్కొక్కటే విడదీసి చెప్పాను. ఆయన వేళ్ళు ముడిచాడు. "అంటే ఇంకో మూడు పేర్లున్నాయి" అన్నాడు. ఈసారి వరుడి పేరు వైపు చూశాడు. అక్కడా 'చి' కనబడింది. మొహం వెలిగిపోయింది. "ఇద్దరిదీ ఒకటే సర్‌నేమ్! మరి ఇంత ఆలోచన ఎందుకు మీకు?" అన్నాడు. వెలిగిన మొహం అంతలోనే ముడుచుకుంది. కళ్ళజోడు తీసి, గొంతు తగ్గించి, "ఒకే గోత్రం కాదు కదా?" అని అడిగాడు. అది హర్యానా గాలి తగిలే ప్రాంతం. ఆ ప్రశ్నకి జవాబు తేలిగ్గా చెప్పకూడదు. రెండు గోత్రాలూ, ఋషులతో సహా అప్పజెప్పాను. ఆయన స్థిమితపడి చాయ్ తాగాడు.

సర్టిఫికెట్ వచ్చింది. అందులో చి.ల.సౌ. లేదు, బతికాం అనుకున్నాం. కానీ పోతూ పోతూ అది హెచ్‌ను కూడా వెంట తీసుకుపోయింది. దరఖాస్తు నింపింది ఎవరనుకున్నారు? ఆర్కే పురం అల్లుడుగారు. ఆయన భార్య పేరు ఆయన లెక్క ప్రకారం రాసుకున్నాడు. తన పాస్‌పోర్టులో భార్య పేరు చేర్పించుకున్నప్పుడూ అలాగే రాశాడు. మరోపక్క ఢిల్లీ ప్రాంతపు ఆధార్ మీద పేరు ఇంగ్లీషుతో పాటు హిందీలోనూ పడుతుంది. పిల్ల ఇంగ్లీషులో హెచ్ ఇస్తే హిందీలో అది నమ్మకంగా 'సావిథ్రీ' అయి కూర్చుంది. ఇప్పుడు మా పిల్లలు ముగ్గురు: చదువుకున్న సావిత్రి ఒకతె, పెళ్ళి చేసుకున్న సావిత్రి ఒకతె, సిమ్ కార్డు కొనుక్కున్న సావిత్రి ఒకతె.

ఇంతలో అబ్బాయికి అమెరికా ఉద్యోగం ఖాయమై హెచ్-1బి మీద డల్లాస్ వెళ్ళాడు. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళ భార్యకి గానీ భర్తకి గానీ ఇచ్చేది హెచ్-4. అది విన్న దగ్గర్నుంచీ మా ఆవిడకి ఒకటే ధర్మసందేహం. "ఏమండీ, హెచ్ అంటే గిట్టని పిల్లాడికేమో హెచ్-1 ఇచ్చి పంపించారు. పుట్టినప్పట్నుంచీ హెచ్ మోస్తున్న పిల్లని హెచ్-4 కోసం నిలబెడతారా? ఇదెక్కడి న్యాయం?" అని. అమెరికా ప్రభుత్వం తరఫున నేనేం చెప్పను?

అసలు చిక్కు పిల్ల పాస్‌పోర్టులో ఉంది. పేరు గడిలో సావిత్రి అని ఉంది. సర్‌నేమ్ గడి ఖాళీ. చదువుకునే రోజుల్లో రాజమండ్రిలో ఏజెంటు "ఆడపిల్ల కదండీ, రేపు పెళ్ళయితే ఎలాగూ మారేదే" అని వదిలేశాడట. పెళ్ళికాని ఆడపిల్ల సర్‌నేమ్ గడి అంటే బస్సులో కర్చీఫ్ వేసి ఉంచిన సీటు. ఎక్కబోయేవాడు ఎవరో తెలీదు, సీటు మాత్రం అతనిదే.

ఇలాంటి పాస్‌పోర్టులు తెలుగునాట, తమిళనాట కొల్లలు. అమెరికా వీసా లెక్కలో ఒక్కటే పేరు ఉంటే ఆ పేరు సర్‌నేమ్ గడిలోకి జరుగుతుంది. ఖాళీ అయిన సొంత పేరు గడిలో ఎఫ్, ఎన్, యు అని మూడక్షరాలు పడతాయి. 'ఫస్ట్ నేమ్ అన్‌నోన్' అని దాని భావం. నామకరణం చేసి, చెవిలో మూడుసార్లు చెప్పి, ఊరంతా భోజనాలు పెట్టిన పేరుకి అది అమెరికాలో దక్కే గౌరవం. అక్కడి డ్రైవింగ్ లైసెన్సు మీదా, బ్యాంకు కార్డు మీదా అదే వెళ్తుంది. ఆస్పత్రిలో నర్సు "ఫ్నూ! ఫ్నూ!" అని కేకేస్తుంటే పాపం ఎవరో అని జాలిపడుతూ కూర్చుని, అది తననే అని చివరికి తెలుసుకున్న తెలుగు ఆడపడుచుల కథలు డల్లాస్‌లో ఎవర్ని కదిపినా చెబుతారు.

అమెరికా ఒక్కటేనా? 2022 నవంబరులో యూఏఈ వాళ్ళు ఒంటి పేరు పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్ళని రానివ్వం అన్నారు. విమాన సంస్థలు ట్రావెల్ ఏజెంట్లకి సర్క్యులర్లు పంపాయి. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే సరేనని ఆ తర్వాత సడలించారు గానీ, దుబాయ్ షాపింగుకి టిక్కెట్లు కొనుక్కున్నవాళ్ళ గుండెలు ఆ రోజుల్లో ఎన్నిసార్లు జారాయో వాళ్ళకే తెలుసు.

కాబట్టి సర్‌నేమ్ గడి నింపాలి. దేనితో నింపాలి? రాజమండ్రి, ఆర్కే పురం, మా మయూర్ విహార్, డల్లాస్ నాలుగు ఊళ్ళూ కలిసి వీడియో కాల్‌లో కూర్చున్నాయి.

పుట్టింటి పేరే ఉంచాలని మా అన్నయ్య. అత్తింటి పేరు న్యాయమని వియ్యంకుడుగారు. ఇక్కడో మెలిక ఉంది. అత్తింటివాళ్ళకి ఇంటిపేరు ఉంది గానీ కాగితాల మీద లేదు. తాతగారు ఢిల్లీలో ఉద్యోగంలో చేరిన రోజున ఆఫీసులో పేరు చివరి మాటే సర్‌నేమ్ అనుకుని రాసేసుకున్నారు. అప్పట్నుంచీ వంశం వంశమంతా 'రావు'. ఢిల్లీలో ఇది కొత్తేమీ కాదు. పాములపర్తి వెంకట నరసింహారావుగారు 1991లో ప్రధానమంత్రి అయితే ఇంగ్లీషు పత్రికలు ఆయన్ని 'మిస్టర్ రావు' అనే రాశాయి. పాములపర్తి ఏమైపోయిందో ఎవరూ వెతకలేదు. సర్వేపల్లివారి ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయి, సొంత పేరే ప్రపంచానికి సర్‌నేమ్ అయిపోయింది. అలా చూస్తే రాజధానిలో తెలుగువాళ్ళందరి ఉమ్మడి ఇంటిపేరు రావే.

"అయితే సావిత్రి రావు అని రాయిద్దాం" అన్నారు వియ్యంకుడుగారు.

అంతవరకూ బీరకాయ చెక్కు తీస్తున్న మా ఆవిడ చాకు పక్కన పెట్టింది. "ఏమిటేమిటి? వీసాకి వెళ్తూ పిల్ల నెత్తిన 'సావిత్రీ, రావు' అని రాసి పంపిస్తారా? రమ్మనేవాడు కూడా అది చదివి తలుపు వేసుకుంటాడు!"

నాలుగు ఊళ్ళూ నిశ్శబ్దమైపోయాయి. ఢిల్లీలో పుట్టిన అల్లుడికి బోధపడటానికి కాస్త టైము పట్టింది. బోధపడ్డాక, "అంటే ఆంటీ, మూడు తరాలుగా మావాళ్ళెవ్వరూ ఎక్కడికీ రాలేదన్నమాట" అన్నాడు.

వియ్యపురాలు చరిత్ర తీశారు. ఆవిడ ఢిల్లీలో టీచరుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళయ్యాక పేరు మార్చుకోవడం నామోషీ ఏం కాదని దుర్గాబాయిగారిని సాక్ష్యం పిలిచారు. ఆవిడా రాజమండ్రి బిడ్డే, 1909లో పుట్టారు. రాజ్యాంగ సభలో కూర్చున్నది జి. దుర్గాబాయి. 1948లో ఢిల్లీ తెలుగు పిల్లల కోసం ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టినప్పుడూ ఆ దుర్గాబాయే. 1953లో అప్పటి ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌ని పెళ్ళాడి దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయ్యారు. ఇవాళ మెట్రో పింక్ లైన్లో సౌత్ క్యాంపస్ స్టేషనుకి ఉన్నది ఆ మరాఠీ ఇంటిపేరుతో కూడిన తెలుగు పేరే. "చూశారా, ఎంత గౌరవమో!" అన్నారావిడ. నిజమే. కానీ అదే ఆవిడ ఇవాళ హెచ్-4కి వెళ్తే, రాజ్యాంగ సభ సభ్యురాలూ మెట్రో స్టేషనూ ఒక్కరేనని అఫిడవిట్ తెమ్మనేవాళ్ళు.

చివరికి పిల్ల నోరు విప్పింది. పెళ్ళయితే పేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పలేదంది. పాస్‌పోర్టు కోసం ఆడవాళ్ళు పెళ్ళయ్యాక పేరు మార్చుకోనక్కర్లేదని 2017 ఏప్రిల్‌లో ప్రధానమంత్రే చెప్పారని గుర్తు చేసింది. "ఇరవై ఆరేళ్ళుగా నాతో ఉన్న ఇంటిపేరు ఉంది కదా, అదే ఆ గడిలో పెట్టండి. నన్ను వదిలెయ్యండి" అంది. సభ ముగిసింది. మా అన్నయ్య ఆ వారమంతా మీసం మీద చెయ్యి తియ్యలేదు.

పాస్‌పోర్టు మళ్ళీ ఇప్పించుకోవడానికి ముప్పై ఆరు పేజీల మామూలు పుస్తకానికి రుసుము 1,500 రూపాయలు. గురుగ్రామ్ హర్యానాలో ఉన్నా పాస్‌పోర్టు విషయంలో ఢిల్లీ ప్రాంతీయ కార్యాలయం కిందికి వస్తుంది. నోయిడా వాళ్ళయితే ఘజియాబాద్ వెళ్ళాలి. ఒక సందేహం తీర్చుకోవడానికి పిల్లని వెంటబెట్టుకుని భీకాజీ కామా ప్లేస్‌కి వెళ్ళాను. హడ్కో త్రికూట్ భవనంలో ఉంది ఆ కార్యాలయం. ఆటో దిగి బోర్డులు చదువుతుంటే నాకు తమాషా అనిపించింది. ఈ భీకాజీ కామా ఎవరు? 1907లో జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో అంతర్జాతీయ సభ ముందు భారతదేశపు జెండా ఎగరేసిన మేడమ్ కామా. పుట్టింటి పేరు పటేల్. కామా అన్నది భర్త రుస్తుంగారి ఇంటిపేరు. ఆవిడ మొదటి పేరు పుస్తకాల్లో ఒకచోట భీకాజీ, ఒకచోట భీకాయిజీ. ఇంగ్లీషులో కొందరు 'కా' దగ్గర ఒక హెచ్ కూడా వేస్తారు. అత్తింటి పేరుతో, మూడు రకాల స్పెల్లింగుతో, ఉందో లేదో తెలియని ఒక హెచ్‌తో ఉన్న ఆవిడ పేరు మీది ప్రాంగణంలోనే ఢిల్లీ వాళ్ళ పాస్‌పోర్టు ఆఫీసు ఉంది. పిల్లకి చెబితే, "ఆవిడకి స్టట్‌గార్ట్ వీసా ఎలా వచ్చింది బాబాయ్?" అంది.

అక్కడ కూర్చున్నంతసేపూ పాస్‌పోర్టు అడుగున ఉండే రెండు వరుసల గురించి పిల్ల నాకు జ్ఞానోదయం చేసింది. కంప్యూటరు చదివేవి అవే. ఒక్కో వరుసకి 44 అక్షరాలు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన కొలత అది. మొదటి వరుసలో పేరుకి దక్కేవి 39. ఇంటిపేరు, సొంత పేరు, వాటి మధ్య ఖాళీల గుర్తులు అన్నీ కలిపి ఆ 39 గడుల్లో సర్దుకోవాలి. మిగిలింది కత్తిరింపే. మా వైపు పిల్ల పుట్టగానే తిరుపతి మొక్కుకి వెంకట, అన్నవరం మొక్కుకి సత్య, పుట్టకి పాలు పోసినందుకు నాగ, అరసవల్లి వెళ్ళొచ్చినందుకు సూర్య, శుక్రవారం పుట్టింది కాబట్టి లక్ష్మి, నాయనమ్మ పేరని అన్నపూర్ణ, ఇలా అందర్నీ సంతోషపెడతారు. పెద్దలు దేవుళ్ళందరినీ ఒక్క విమానం ఎక్కించాలని చూశారు. ఆఖరు వరుసలో నిలబడ్డ నాయనమ్మకి సీటు దొరకలేదు. ఒక్క పేరున్న పిల్ల మీద పేరు చాలలేదని ఆంక్ష, ఆరు పేర్లున్న పిల్ల మీద ఎక్కువైందని కత్తెర. ప్రపంచానికి మన దగ్గర ఎన్ని పేర్లుంటే నచ్చుతుందో కనిపెట్టిన సిద్ధాంతి ఇంకా పుట్టలేదు.

ఇంకో సంగతి గమనించాను. మా పిల్ల పుట్టిన రాజమండ్రి 2015లో రాజమహేంద్రవరం అయింది. ఉద్యోగం చేసే గుడ్‌గావ్ 2016లో గురుగ్రామ్ అయింది. అసలు రాజమండ్రిని ఇంగ్లీషులో రాసేటప్పుడు 'జ' పక్కన ఒక హెచ్ ఉండేది. అది ఎందుకుండేదో రాజరాజనరేంద్రుడు కూడా చెప్పలేడు. ఊళ్ళు పేరు మార్చుకుంటే సభ చేసి, బోర్డులు మార్చి, మిఠాయిలు పంచుతారు. రెండు ఊళ్ళూ ఒకటేనని నోటరీ దగ్గర ప్రమాణం చెయ్యమని ఏ ఊరినీ అడగరు.

కొత్త పాస్‌పోర్టు చేతికొచ్చింది. ఇక డీఎస్-160 అనే అమెరికా వీసా ఫారం. అది కంప్యూటర్లో నింపాలి. ఇరవై నిమిషాలు కదలకుండా ఉంటే మూసుకుపోతుంది. మా ఇంట్లో ఏ ప్రశ్నకైనా మొదటి జవాబు "కాఫీ తాగి ఆలోచిద్దాం" కాబట్టి అది మూసుకుపోతూనే ఉండేది. అందులో 'మీ పేరుకి టెలికోడ్ ఉందా' అని ఒక ప్రశ్న ఉంటుంది. అది చైనా అక్షరాలని తంతిలో అంకెలుగా పంపే పద్ధతి. మా ఆవిడ "ఎస్టీడీ కోడేమో, రాజమండ్రిది 0883 వెయ్యండి" అంది. మరో గడిలో 'మీ పేరు మీ సొంత లిపిలో రాయండి' అని ఉంటుంది. చాలామంది వర్తించదని టిక్కు పెట్టి దాటేస్తారట. మా పిల్ల తెలుగులో 'సావిత్రి' అని కొట్టింది. అంత పెద్ద ఫారంలో ఎవరితోనూ వాదం రాని గడి అదొక్కటే.

తరవాతి ప్రశ్న: 'మీరు ఎప్పుడైనా వేరే పేర్లు వాడారా?'

పిల్ల మౌస్ మీద చెయ్యి పెట్టి నా వైపు తిరిగింది. "నేనెప్పుడూ వాడలేదు బాబాయ్. వాళ్ళే వాడారు" అంది.

'అవును' అని కొట్టి ఉన్నవన్నీ వరసగా రాశాం. దానికి తోడు ఒక అఫిడవిట్ ఉంటే మంచిదన్నారు తెలిసినవాళ్ళు. పటియాలా హౌస్ కోర్టు దగ్గర ఒక నోటరీని పట్టుకున్నాం. చిన్న బల్ల, దాని మీద ముద్రలు, పక్కన టైపు కొట్టే కుర్రాడు. హెచ్‌తో సావిత్రి, హెచ్ లేని సావిత్రి, హిందీలో ఉన్న సావిథ్రీ ముగ్గురూ 'ఒక్కరే, వేరు కారు' అని రాయాలి. నానాత్వం వట్టిది, ఉన్నది ఒక్కటే అని ఒప్పించడానికి శంకరాచార్యులవారు దేశమంతా కాలినడకన తిరిగి మహామహులతో వాదించాల్సి వచ్చింది. ఈయన పది రూపాయల స్టాంపు మీద, తల ఎత్తకుండా, మధ్యలో ఒక సమోసా కూడా తిని తేల్చేశాడు. ముద్ర వెయ్యబోతూ మాత్రం ఆగి, "నాలుగో పేరు ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. తర్వాత వస్తే మళ్ళీ కొత్త స్టాంపు" అన్నాడు. లేదన్నాం, గట్టిగా.

అక్కడ రాజమండ్రి నుంచి మా అన్నయ్య కారేసుకుని హైదరాబాదు దగ్గర చిలుకూరు బాలాజీ గుడికి వెళ్ళాడు. వీసా బాలాజీ అంటే అందరికీ తెలిసిన స్వామే. కోరిక కోరుకుని 11 ప్రదక్షిణలు, తీరాక 108. హుండీ కూడా లేని గుడి అది. ఫారం అసలే లేదు. స్వామి మనసులో అనుకున్న పేరు వింటాడు. టి తర్వాత ఏముందని అడగడు.

చాణక్యపురిలో ఇంటర్వ్యూ రోజున పిల్ల మూడు సావిత్రుల కాగితాలూ, అఫిడవిట్టూ, మెట్రో స్టేషను కథతో సహా కంఠస్థం చేసుకుని వెళ్ళింది. లోపల ఆఫీసరు పెళ్ళెప్పుడయింది, మీ ఆయన ఏ కంపెనీలో పని అని అడిగి, వీసా ఇస్తున్నామని చెప్పి పంపించేశాడట. ఫైలు తెరవనే లేదు. బయటికొచ్చాక పిల్ల సంతోషించాలో ఏడవాలో తెలియక, "ఒక్కటైనా అడగాల్సింది బాబాయ్. అంత కష్టపడ్డాం" అంది. వీసా మీద హెచ్ ఉంది, ఇంటిపేరు ఉంది, ఫ్నూ లేడు. మా అన్నయ్య 108 ప్రదక్షిణలూ పూర్తి చేసి మోకాళ్ళకి తైలం రాయించుకున్నాడు.

డల్లాస్‌లో పాప పుట్టింది. ఈసారి ఎవరూ నోరెత్తడానికి వీల్లేదని పిల్ల ముందే షరతులు పెట్టింది. పేరులో త ఉండకూడదు, శ్రీ ఉండకూడదు, క్ష ఉండకూడదు, దేవుళ్ళు ఒకరికి మించకూడదు. వడగట్టగా 'రమ' మిగిలింది. ఎవరి లెక్కన రాసినా ఇంగ్లీషులో నాలుగక్షరాలే. ఆస్పత్రిలో ఇచ్చిన ఫారంలో పాప పేరు తప్పు లేకుండా పడింది. సంక్రాంతికి ముగ్గురూ వస్తున్నారని మా ఆవిడ అరిసెలకి బియ్యం కూడా నానబోసే హడావుడిలో ఉండగా ఫోనొచ్చింది. పాప అమెరికా పౌరురాలు కదా, ఇక్కడికి రావాలంటే వీసా అయినా కావాలి, ఓసీఐ కార్డయినా కావాలి. వీళ్ళు కార్డుకే పెట్టారు. దానికి పాప బర్త్ సర్టిఫికెట్లో ఉన్న తల్లి పేరూ, తల్లి పాస్‌పోర్టులో పేరూ ఒకటే ఉండాలి. ఆస్పత్రిలో పిల్ల పడుకుని ఉంటే ఫారం నింపింది తండ్రి. తల్లి పేరు దగ్గర అలవాటుగా, ప్రేమగా, హెచ్ లేకుండా, తన సర్‌నేమ్ జతచేసి 'సావిత్రి రావు' అని రాసిచ్చాడు. అది సరిదిద్దించేసరికి పండగ దాటిపోతుందట.

"బాబాయ్, పటియాలా హౌస్ దగ్గర ఆ నోటరీగారు ఇంకా ఉన్నారా?" అంది పిల్ల.

మా ఆవిడ నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "నోటరీ సంగతి తర్వాత. ముందు మీ ఆయన్ని పిలు. ఆ పేరు పెడితే పిల్ల రాదని నేను ఆ రోజే చెప్పానా లేదా!"